ఎక్కడికి వెళ్లారు?

హైదరాబాద్‌లో నైట్ షెల్టర్లు నడిపే ఒక స్వచ్ఛంద సంస్థలో చాన్నాళ్లు నేను రిపోర్టులు రాసే మనిషిని. ఏ షెల్టర్‌లో ఎన్ని పడకలు, రాత్రికి ఎన్ని నిండాయి, కొత్తగా ఎవరొచ్చారు, ఎవరు వెళ్లిపోయారు, ఇవన్నీ నెలాఖరుకల్లా ఎక్సెల్ షీటులో పెట్టి పైకి పంపాలి. పైవాళ్లిచ్చిన ఫార్మాట్‌లో 'పునరావాసం' అని ఒక గడి ఉండేది. నెల రోజులుగా రిజిస్టర్‌లో కనిపించని పేర్లన్నీ అందులో వేసేసేవాణ్ని. అబద్ధం రాస్తున్నానన్న ఊహ కూడా లేదు. రావడం మానేశాడంటే ఎక్కడో ఒక చోటు దొరికిందనే కదా! ఆ గడిలో అంకె పెరిగినప్పుడల్లా మీటింగుల్లో నాకు ఒక మెచ్చుకోలు దక్కేది.

ఒక నెల ఆ అంకె ఉన్నట్టుండి బాగా పెరిగింది. దాని మీద నాలుగు ముక్కలు ఎక్కువ రాద్దామని, ఇంతమంది ఎట్లా సెటిలయ్యారని కేర్‌టేకర్‌ని అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి, "సెటిలెక్కడిది సార్, నల్లులు పడ్డయి. కుట్టి కుట్టి సంపుతుంటె అందరు బయటికి పోయి పండుకుంటుండ్రు" అన్నాడు. వెళ్లి చూస్తే రెండు సందుల అవతల, మూసిన దుకాణాల మెట్ల మీద, మా పునరావాసం వరసగా దుప్పట్లు ముసుగేసుకుని పడుకుంది.

అప్పటికే రిపోర్టు వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించి దిద్దే ధైర్యం చాలలేదు. మరుసటి నెల నుంచి మాత్రం ఆ గడిలో ఒకరిని వేయాలంటే వాళ్లిప్పుడు ఎక్కడున్నారో, ఆ సంగతి ఎవరు చెప్పారో పక్కన రాయాలని పట్టుబట్టాను. అంకె ఢమాల్న పడిపోయింది. సంజాయిషీ అడిగారు.

ఈ అంకెల పిచ్చి నా ఒక్కడిదే అనుకోను. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో పట్టణ జనాభాలో ప్రతి లక్షకూ కనీసం వంద మందికి సరిపడా షెల్టర్ ఉండాలన్నారు, మనిషికి యాభై చదరపు అడుగుల చోటుండాలన్నారు. 2011 లెక్కల్లో జీహెచ్ఎంసీ జనాభా 67 లక్షల పైమాట. అంటే ఆరువేల ఏడొందల మందికి చోటు చూపించాలి. ప్రభుత్వాన్ని నిలదీయడానికి ఈ కొలత బాగా పనికొస్తుంది, దాన్ని తక్కువ చేయను. మాలాంటి వాళ్ల చేతిలో పడేసరికి మాత్రం పడక నిండితే పనైపోయినట్టే అయింది.

అసలు ఎంతమంది ఉన్నారన్నదే చిక్కు లెక్క. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్షా నలభై ఐదు వేలు. 2001లో దేశం అంకె 19.4 లక్షలు. పోనీలే, తగ్గింది అనుకుంటాం. పట్టణాలు విడిగా చూస్తే 7.78 లక్షలు కాస్తా 9.38 లక్షలయ్యాయి.

ఆ ఒక్క రాత్రి లెక్కను ఎగతాళి చేసిన నేను, మా సర్వేని అంతకన్నా అధ్వానంగా చేశాను. నాంపల్లి స్టేషన్, దర్గా పరిసరాలు, కోఠి, అఫ్జల్‌గంజ్, ఇమ్లీబన్, సికింద్రాబాద్ మోండా మార్కెట్ ఎంచుకున్నాం. వాలంటీర్లంతా కాలేజీ పిల్లలు. హాస్టల్ గేట్లు మూసేలోపు వాళ్లను పంపించాలి కాబట్టి రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టి పదిన్నరకు చుట్టేశాం. దుకాణం షట్టర్ దించితేగానీ దాని మెట్టు మీద ఎవరూ దుప్పటి పరవరు. క్యాటరింగ్ పనికి వెళ్లేవాళ్లు పెళ్లి భోజనాలు ముగిసి, గిన్నెలు కడిగి, లారీకెత్తి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. మంచి ముహూర్తాలున్న వారంలో, పది గంటల వేళ, మేం ఖాళీ ఫుట్‌పాత్‌లను శ్రద్ధగా లెక్కపెట్టి వచ్చాం.

ఆడవాళ్ల విషయంలో ఇంకా ఘోరం. ఒక పెద్దాసుపత్రి ఆవరణలో చెట్టు కింద సంచి ఒళ్లో పెట్టుకుని ఒకామె కూర్చుంది. "పేషెంట్ లోపలున్నడు బిడ్డా" అంది. ఫారంలో 'అటెండెంట్' దగ్గర టిక్కు పెట్టాను. కొన్నాళ్ల తర్వాత వేరే పని మీద వెళ్తే అదే చెట్టు, అదే సంచి. ఏ వార్డమ్మా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "మా ఆయన సచ్చిపోయి యాడాదాయె. ఈడ లైటుంటది, పోలీసోళ్లుంటరు. పేషెంట్ ఉన్నడంటె ఎవ్వరు లేపరు" అంది. ఆమె నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు, గోడకానుకుని కునికేది. మా ఫారంలో మొదటి ప్రశ్న 'నిద్రించే స్థలం'. పడుకోకుండా రాత్రి వెళ్లదీసేవాళ్లకు అందులో గడే లేదు. ఆడవాళ్లు తక్కువమందే కనిపించారు కాబట్టి వాళ్లకు వేరే షెల్టర్ అవసరం అంతగా లేదని రిపోర్టులో రాసింది నేనే. ఆ వాక్యాన్ని తర్వాత ఇంకెవరో ఇంకో కాగితంలో ఎత్తి రాసుకోవడం కూడా చూశాను.

నా కళ్లు కొంచెం తెరిపించింది డెన్నిస్ కల్హేన్ అనే అమెరికన్ పరిశోధకుడి పని. ఆయన, రాండల్ కూన్ కలిసి న్యూయార్క్, ఫిలడెల్ఫియా షెల్టర్ల రికార్డులు తిరగేసి 1998లో ఒక అధ్యయనం అచ్చువేశారు. షెల్టర్‌కు వచ్చే ఒంటరి మనుషుల్లో సుమారు 80 శాతం మంది కొద్దిరోజులుండి వెళ్లిపోతారు. మరో 10 శాతం వస్తూ పోతూ ఉంటారు. ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు 10 శాతమే, కానీ మొత్తం పడక రోజుల్లో దాదాపు సగం వాళ్లవే. ఇది మన దగ్గర కూడా నిజమేనా అని చూడాలనిపించింది. చూడటానికి మా రిజిస్టర్లు తప్ప ఏముంది?

అవి పొడుగాటి నోటుబుక్కులు. వరస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వచ్చిన టైము, సంతకం లేదా వేలిముద్ర. పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పేరు ఒకరోజు ఇంటిపేరుతో ఉంటుంది, ఒకరోజు ఉత్త పేరు, మరోరోజు అందరూ పిలిచే పిలుపు. వయసు ఒక పేజీలో 48, ఇంకో పేజీలో 60. ఎడమచేతి వేలిముద్ర మాత్రం అన్నిట్లో ఒకటే, బొటనవేలి మీద అడ్డంగా కోత గాటు. నా ఎక్సెల్ షీటులో ఆయన ముగ్గురు మనుషులు. అందులో ఇద్దరికి పునరావాసం కూడా అయిపోయింది.

కేర్‌టేకర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లన్నీ కలుపుకుంటూ వచ్చాను. ఆయన జ్ఞాపకం నా షీటుకన్నా వెయ్యి రెట్లు నయం. చివరికి తేలింది కల్హేన్ చెప్పిన తీరే. ఎప్పుడు తిరగేసినా అవే కొన్ని పేర్లు. వాటి చుట్టూ నాలుగు రోజులుండి మాయమయ్యే పెద్ద గుంపు. ఇన్నాళ్లూ మేం ఇద్దరికీ ఒకటే ఇచ్చాం, చాప, దుప్పటి, పొద్దున్నే టీ. నాలుగు రోజులవాడికి కావలసింది వేరే. మేస్త్రీ కూలి ఎగ్గొట్టి ఉంటాడు, జేబు కొట్టేసి ఉంటారు, ఇంట్లో గొడవపడి బస్సెక్కి ఉంటాడు. ఒక ఫోను, బస్సు చార్జీ, మేస్త్రీ దగ్గరికి వెంట వచ్చే మనిషి ఉంటే వారంలో తేలిపోయే వ్యవహారం. ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు జబ్బులున్నాయి, తాగుడుంది, మతి చెదిరినవాళ్లున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఇల్లు లేని మానసిక రోగికి రేషన్ కార్డు లేకపోయినా సర్కారీ వైద్యం ఉచితంగా ఇవ్వాలంటుంది. ఆ సంగతి మాలో ఎవరికీ తెలీదు. పింఛనుకు ఆధార్ కావాలి, ఆధార్‌కు చిరునామా కావాలి. గుర్తింపు పొందిన షెల్టర్ పెద్ద ఇచ్చే పత్రం చిరునామా రుజువుగా చెల్లుతుందని తెలిసేసరికి ఎందరి ఏళ్లు గడిచిపోయాయో. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇల్లు కావాలంటే ఆహార భద్రత కార్డు ఉండాలన్నారు. ఇల్లు లేక కార్డు రానివాడికి, కార్డు లేదని ఇల్లు రాదు.

అప్పటి నుంచి వారానికోసారి పేర్లతో కూర్చునేవాళ్లం. ఒక్కొక్క పేరు, ఇప్పుడెక్కడున్నాడు, ఈ వారం ఎవరు ఏం చేయాలి. అంతే.

ఇక్కడితో బుద్ధొచ్చిందని రాసుకుంటే బావుండేది. ఫిన్లాండ్ గురించి చదివాను. 2008 నుంచి అక్కడ ముందు ఇల్లిచ్చి, మిగతావి తర్వాత చూస్తున్నారు. 1980ల చివర్లో 18 వేలకు అటూ ఇటూ ఉన్న ఇల్లులేనివాళ్లు 2022కు నాలుగు వేల లోపుకు వచ్చారు. ఇంకేం, దాతను పట్టుకుని, ఆ పాలమూరు పెద్దాయనకు ఊరి చివర కాలనీలో గది అద్దెకు తీసుకున్నాం. మంచి గది, నల్లా కూడా ఉంది. కొద్దిరోజులకే మళ్లీ బేగంబజార్ మెట్ల మీద తేలాడు. కోపమొచ్చింది నాకు. "ఆడ నాకు పనేముంది బిడ్డా, మాట్లాడనీకి మనిషి లేడు" అన్నాడు. చిత్తు కాగితాలు ఏరేది బేగంబజార్‌లో, అమ్మేది అక్కడే, ఒంట్లో బాగోకపోతే చూసుకునే మిత్రుడూ అక్కడే. 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ ఈ 'ముందు ఇల్లు' పద్ధతి మొదలుపెట్టినప్పుడు మొదటి సూత్రమే ఎక్కడ ఉండాలో మనిషే ఎంచుకోవాలని, ఇంట్లో చేరాక కూడా తోడు నిలవాలని. నాకు 'ఇల్లు' అన్న మాట కనిపించింది, మిగతాది దాటేశాను. రెండోసారి ఆయన్నే వెంటబెట్టుకుని తిరిగితే మార్కెట్‌కు నడిచే దూరంలో, మిత్రుడితో కలిసి ఉండే చిన్న గది చూపించాడు. మా లెక్కలో అది గదే కాదు. అక్కడే ఉండిపోయాడు.

అన్నిటికన్నా చెప్పుకోలేని తప్పు ఒకటుంది. ఏ ఫుట్‌పాత్ మీద ఎంతమంది పడుకుంటారో చుక్కలు పెట్టి చక్కటి మ్యాప్ చేశాను. సహాయం చేస్తారన్న నమ్మకంతో ఒక కార్యాలయానికి అడగ్గానే ఇచ్చేశాను. కొంతకాలానికి నగరానికి ఎవరో పెద్దలు వస్తున్నారని, చుక్కలు ఎక్కువగా ఉన్న చోట్లన్నీ రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. మా మ్యాపే కారణమని రుజువు చేయలేను. కాదని కూడా చెప్పలేను. ఆ వారం సర్వే చేసి ఉంటే ఇల్లులేనితనం సగానికి సగం తగ్గిందని తేలేది.

మళ్లీ జనగణన రాబోతోంది, ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఫుట్‌పాత్‌లతో పాటు ఫ్లైఓవర్ల కింద, సిమెంటు తూముల్లో, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్లందరినీ 2011లో ఇల్లులేనివాళ్లుగానే రాసుకున్నారు. వాళ్ల వివరాలు ఇంకెవరి చేతికీ పోకుండా 1948 నాటి జనగణన చట్టం అడ్డుంది, నా మ్యాప్‌కు ఆ కాపలా లేదు. మీ వీధిలో అలాంటి మనుషులుంటే, వాళ్లు ఏ వేళకు వచ్చి ఎక్కడ నడుం వాలుస్తారో లెక్కకు వచ్చినవాళ్లకు చెప్పండి. రాత్రి పదికి వస్తే దొరకరని కూడా చెప్పండి.