పళ్ళు చూడకుండా కొంటామా?

ఈ మధ్య మన గ్రూపులో ఉద్యోగాలొచ్చినవాళ్ళు చాలామంది బండి కొనే మాటలు మాట్లాడుతున్నారు. అందుకే మాకు జరిగింది రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. షోరూమ్ పేరు, కంపెనీ పేరు రాయను. ఎవర్నీ తిట్టడానికి రాయడం లేదు.

మాది పాడేరు వైపు చిన్న ఊరు. 2024 అక్టోబరులో విశాఖపట్నం వెళ్ళి కారు బుక్ చేశాను. కాఫీ, మిరియాల మీద నాన్న దాచింది కొంత, నా జీతంలో మిగిలింది కొంత, మిగతాది బ్యాంకు లోను. మేం అడిగిన రంగు, మోడల్ స్టాకులో లేవు. "ఫ్యాక్టరీకి ఆర్డర్ పెడతాం సర్, రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది" అన్నాడు సేల్స్ అబ్బాయి. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టేశాను. ఫారంలో ఒక్క లైను చదవలేదు. ఆ ఏసీ హాల్లో కూర్చుని కాగితం చదువుతుంటే ఏమనుకుంటారో అని సిగ్గు. పీజీ చదివినవాణ్ణి, అయినా అంతే.

ఇంటికొచ్చి చెప్తే నాన్న "బండేదిరా మరి?" అన్నాడు.

"ఇంకా తయారవ్వలేదు నాన్నా."

"అంటే పుట్టని దూడకి బయానా ఇచ్చేసి వచ్చావన్నమాట."

అందరం నవ్వాం.

జనవరిలో ఫోనొచ్చింది. "మీ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చేసింది సర్, మిగతా డబ్బు కట్టి తీసుకెళ్ళండి." నాన్నని తీసుకుని వెళ్ళాను. బండి తళతళా మెరిసిపోతోంది. నేను సెల్ఫీలు తీసుకుంటున్నాను. నాన్న మాత్రం సంతలో కోడెని చూసినట్టు చుట్టూ తిరిగి, టైరు దగ్గర గొంతుక్కూర్చుని అడిగాడు: "దీని వయసెంత బాబూ?"

"కొత్తది కదా పెద్దాయనా, వయసేముంటుంది!" అని నవ్వాడు ఆ అబ్బాయి.

"రెండు పళ్ళదో నాలుగు పళ్ళదో చూడకుండా ఎద్దునే కొనం. దీనికి పళ్ళెక్కడుంటాయిరా?" అని నన్నడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఐటీఐ ఫ్రెండు ఒకడు చెప్పాడు, టైరు పక్కన నాలుగు అంకెలుంటాయని. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. వంగి చూస్తే 0924. అంటే 2024లో తొమ్మిదో వారం. టైరు ముందు తయారై తర్వాత బండికి ఎక్కుతుంది కాబట్టి అదొక్కటే రుజువు కాదు. చాసిస్ నంబర్ అడిగాను. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తయారైన కాలం కోడ్ రూపంలో అందులోనే ఉంటుంది, కంపెనీని బట్టి చోటు మారుతుంది. కోడ్ విప్పి చెప్పమని గట్టిగా అడిగితే మేనేజర్ వచ్చాడు. బండి 2024 మార్చిలో తయారైంది.

మేం బుక్ చేసింది అక్టోబరులో. మార్చిలో పుట్టిన బండి మా ఆర్డర్ ఎలా అవుతుంది? యార్డులో పది నెలలు ఎండకి, వానకి ఉన్న బండిని కడిగి నిలబెట్టారు.

మేనేజర్ 30 వేలు తగ్గిస్తానన్నాడు. నిజం చెప్తున్నాను, నేను ఒప్పుకునేవాణ్ణే. ఊళ్ళో అత్తావాళ్ళు, పిల్లలు కొబ్బరికాయ పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాన్న ఒకటే అన్నాడు: "ముందే చెప్పి తగ్గించుంటే బేరం. దొరికిపోయాక తగ్గిస్తే అది బేరం కాదు." ఇద్దరం బస్సెక్కి ఘాట్ రోడ్డు మీద ఇంటికొచ్చేశాం. దారంతా నాకు నాన్న మీద కోపమే.

ఐదు వారాలకి మా బండి వచ్చింది. కొత్త సంవత్సరం రేటు పెరిగిందని 11 వేలు ఎక్కువ కట్టించుకున్నారు. కాదనలేకపోయాను, ఎందుకంటే డెలివరీ రోజు ధరే వర్తిస్తుందని నేను సంతకం పెట్టిన ఫారంలోనే ఉంది. ఆ రూలు రెండు వైపులా కోస్తుంది. 2025 సెప్టెంబర్ 22న చిన్న పెట్రోల్ కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి తగ్గింది. ముందు బుక్ చేసి ఆ తర్వాత బిల్లు వేయించుకున్నవాళ్ళకి అదే కలిసొచ్చింది.

30 వేలు పోగొట్టుకుని పైన 11 వేలు కట్టామని ఊళ్ళో కొందరు నవ్వారు. నవ్వనీండి. తయారైన నెల, సంవత్సరం ఆర్సీలో పడుతుంది. రేపు అమ్మబోతే కొనేవాడు మొదట చూసేది అదే. పాత స్టాకు కొనడం తప్పని అనను. చెప్పి, తగ్గించి ఇస్తే అదీ మంచి బేరమే. దాచి అంటగట్టడమే తప్పు.

మన పిల్లలకి నాలుగు మాటలు. బుకింగ్ ఫారంలో మోడల్, రంగు, బుక్ చేసిన తేదీ, క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కిస్తారో రాయించుకోండి. పూర్తి డబ్బు కట్టకముందే చాసిస్ నంబర్ అడగండి, పగటి వెలుతురులో బండి చూడండి. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకోవాలని లేదు. బయట రేటు కనుక్కోండి. కొత్త కారుకి థర్డ్ పార్టీ మాత్రం మూడేళ్ళది తప్పనిసరి, 2018 సెప్టెంబర్ నుంచి అదే రూలు. హ్యాండ్లింగ్ చార్జీ అని బిల్లులో కనబడితే అది ఏ పన్నూ కాదు, దేనికని అడగండి.

అడగడానికి సిగ్గుపడకండి. ఆ రోజు షోరూమ్‌లో చదువుకున్నవాణ్ణి నేను, అడిగింది మాత్రం నాన్న. బండి ఇంటికొచ్చాక కూడా ఆయన ముందు సీట్లో కూర్చోలేదు, "ముందు టైరు చూపించు" అన్నాడు. చూపించాను. 0325.

ఎవరైనా బండి బుక్ చేస్తుంటే ఇక్కడ రాయండి, ఫారం కలిసి చదువుదాం. జై ఆదివాసీ.