రూపాయిలో బారాణా నొప్పి

పాలియేటివ్ మెడిసిన్‌లో ఎండీ చేస్తానన్నప్పుడు, "దానికి చదువెందుకమ్మా, ఓపిక ఉంటే చాలదా?" అన్నారు మా పెద్దలు. నయం కాని జబ్బుకు ఉపశమనం ఇవ్వడం సేవే గానీ వైద్యం కాదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. భారత వైద్య మండలి ఈ శాఖను 2010లో గుర్తించింది. 2012లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో తొలి ఎండీ కోర్సు మొదలైంది. ఆ తర్వాతి తరంలో నేనూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చే క్యాన్సర్ రోగుల మధ్య మూడేళ్లు చదువుకున్నాను. జాలితో రోగి మంచం దాకా వెళ్లగలం. వెళ్లాక ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలో చదువే చెప్పాలి.

మొదటి పాఠం మార్ఫిన్. నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఇవ్వాలి. మామూలు మాత్ర అయితే నాలుగు గంటలకోసారి, గడియారం చూసి మింగించాలి. అర్ధరాత్రి లేపకుండా ఉండేందుకు పడుకునేముందు మోతాదు పెంచవచ్చు. మలబద్ధకం తప్పదు కాబట్టి విరేచనానికి మందు అదే చీటీలో రాయాలి. కిడ్నీలు దెబ్బతింటే మోతాదు మళ్లీ లెక్కకట్టాలి. "మార్ఫిన్ దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టేనా డాక్టరమ్మా?" అని కొడుకులు, కూతుళ్లు అడుగుతారు. చివరి మందు కాబట్టి ఇవ్వడం లేదనీ, నొప్పి ఉంది కాబట్టి ఇస్తున్నామనీ కూర్చుని చెప్పాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించారు. అయినా ఈ మందు రాయడం రాని డాక్టర్లు ఉన్నంతకాలం చట్టం ఒక్కటే నొప్పిని తగ్గించలేదు.

రెండో పాఠం కొలవడం. నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో అడగాలని పుస్తకం చెబుతుంది. బడి ముఖం చూడని అవ్వకు ఆ అంకెలు ఏం తెలుస్తాయి? "నొప్పి ఎట్లుందవ్వా?" అంటే, "రూపాయిల బారాణా ఉన్నది బిడ్డా" అన్నదొక అవ్వ, అంటే ముప్పావు వంతు. మందు మొదలుపెట్టిన మర్నాడు "చారాణాకు వచ్చింది" అంది. మంచం దగ్గర ఆ కొలత నాకు చాలు. పరిశోధనలో మాత్రం చాలదు. అందరినీ ఒకే తీరుగా అడగాలి, తెలుగులోకి అనువదించిన ప్రశ్న మూలంలోని అర్థాన్నే ఇస్తోందో లేదో ముందే సరిచూడాలి.

నా థీసిస్ ఆయాసం మీద. ఊపిరాడక అల్లాడుతున్న మనిషిని చూస్తే ఇంటివాళ్లు ముందు ఆక్సిజన్ సిలిండరే అడుగుతారు. అద్దెకు అప్పు చేసినవాళ్లనూ చూశాను. ఆ ఆక్సిజన్ నిజంగా ఆయాసాన్ని తగ్గిస్తుందా అన్నదాన్ని 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం పరిశీలించింది. తీరని ఆయాసం ఉన్నా రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోని 239 మందిలో కొందరికి ముక్కు గొట్టంతో ఆక్సిజన్, మిగతావారికి మామూలు గాలి ఇచ్చారు. ఆక్సిజన్ వల్ల అదనపు ఉపశమనం కనిపించలేదు. అదే ఏడాది 50 మందితో చేసిన మరో అధ్యయనంలో, చేతిలో పట్టే చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగిలితే ఆయాసం తగ్గింది. ఇది తెలిసిన డాక్టరు ముందు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు, అవసరం లేనిచోట సిలిండరు ఖర్చు తప్పిస్తాడు.

ఇక సమ్మతి పత్రం. అందులో జబ్బు పేరు దాచలేం. కానీ "నాన్నకు క్యాన్సరని చెప్పకండి మేడమ్" అని కుటుంబం ముందే చేతులు పట్టుకుంటుంది. అలాంటి రోగిని అధ్యయనంలోకి తీసుకునే ముందు, ఆయన ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయన్నే అడగాలి. వద్దంటే వదిలేయాలి. వేలిముద్ర వేసేవారికి మా బృందానికి చెందని సాక్షి ఉండాలి. ఇంకో చిక్కు కృతజ్ఞత. "మీరు చెబితే కాదంటామా?" అంటారు. అందుకే వైద్యం చేసే నేను కాకుండా వేరొకరు సమ్మతి అడిగేలా పద్ధతి పెట్టుకున్నాం. కాదన్నా వైద్యంలో తేడా రాదని మొదటే చెప్పేవాళ్లం.

ఈ శాఖలో అధ్యయనం ముగిసేలోపే కొందరు చనిపోతారు. మూడు నెలల తర్వాత జవాబు కావాలనుకుంటే, జవాబు చెప్పేందుకు మిగిలినవాళ్లు కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లే అవుతారు. లెక్క తప్పుదారి పడుతుంది. అందుకే ప్రధాన ప్రశ్నకు గంటల్లోనో రోజుల్లోనో జవాబు దొరికేలా చూడమని నా గైడ్ చెప్పారు. ప్రశ్నలు తక్కువుండాలి, అలసిపోతే ఆపేయాలి. రాని జవాబు ఎందుకు రాలేదో కూడా రాయాలి.

మరణశయ్య మీద ఉన్నవారితో పరిశోధనేమిటని నొచ్చుకునేవారున్నారు. ఈ శాఖకు పునాది వేసిన సిసిలీ సాండర్స్, 1958 నుంచి లండన్‌లోని సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు ఓపికగా రాసుకుంది. వేళకు ఇచ్చే మార్ఫిన్ భయపడాల్సినది కాదని ఆ రాతలతోనే చూపింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్‌ను తెరిచినప్పుడు సంరక్షణను, బోధనను, పరిశోధనను ఒకేచోట పెట్టింది. 2010లో అమెరికాలో 151 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనంలో, మొదటినుంచీ పాలియేటివ్ కేర్ అందినవారి జీవన నాణ్యత మెరుగైంది, దిగులు తగ్గింది. రోగులను చివరి వారంలో మా దగ్గరికి పంపే సహచరులతో వాదించడానికి నాకున్న బలం ఇలాంటి ఫలితాలే.

అందుకే కొత్తగా చేరే పీజీలకు థీసిస్‌ను డిగ్రీ కోసం తీర్చే బాకీలా చూడవద్దని చెబుతాను. మనం ఇస్తున్న మందు నిజంగా ఉపశమనం ఇస్తోందా అన్న ప్రశ్న, ఎక్కువ కాలం బతికేవారి విషయంలో ఎంత ముఖ్యమో కొన్నాళ్లే ఉండేవారి విషయంలోనూ అంతే ముఖ్యం. వారికి పనికిరాని మందు మార్చి చూసుకునే వ్యవధి ఉండదు. కాబట్టి సరైన జవాబు మన దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి.