మా బా రాజ్‌దూత్ బండి

ఈసారి గోడపత్రికకు ఎండాకాలం సెలవుల్లో ఎవరెవరు ఏం చేశారో రాయమని తెలుగు సారు చెప్పారు. తిరుపతి పోయినోళ్లు తిరుపతి గురించి రాశారు, మేనమామ పెళ్లికి పోయినోళ్లు పెళ్లి గురించి రాశారు. మేము ఎక్కడికీ పోలేదు. సెలవులన్నీ మా ఇంటి ముందర వేపచెట్టు కింద ఒక పాత మోటార్ సైకిల్‌ను విప్పుకొని కూర్చున్నాం. కాబట్టి నేను దాని గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. తండా పిల్లలకు చెప్పక్కర లేదు గానీ వార్డెన్ సారు కోసం రాస్తున్నాను. మా భాషలో బా అంటే నాన్న, యాడి అంటే అమ్మ, భియా అంటే అన్న.

ఆ బండి పేరు రాజ్‌దూత్. మనలో చాలామంది దాన్ని చూసి ఉండరు. ఫరీదాబాదులోని ఎస్కార్ట్స్ కంపెనీ 1960ల మొదట్లో, పోలండు దేశపు ఎస్‌హెచ్‌ఎల్ అనే బండి నమూనాతో దీన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు తయారీ లేదు, ఆగిపోయి చాలా ఏండ్లయింది. 1973లో వచ్చిన ‘బాబీ’ అనే హిందీ సినిమాలో హీరో నడిపే చిన్న బండి కూడా రాజ్‌దూతే. మాది అది కాదు. మాది పెద్దది. సినిమాకు పనికిరాదు, యూరియా బస్తాలకు పనికొస్తది.

బా దాన్ని 2003లో వర్ని దిక్కు ఒక రైతు దగ్గర పాతదే కొన్నాడు. 1994 మోడలు, ఏపీ 25 నంబరు. అప్పుడు మన బాన్సువాడ నిజామాబాదు జిల్లాలో ఉండె. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చాం గానీ బండి నంబరు మాత్రం అదే. యాడికి నొప్పులు వచ్చినప్పుడు బాన్సువాడ ఆస్పత్రికి తీసుకుపోయింది ఆ బండి మీదనేనట. అంటే నేను పుట్టకముందే దాని మీద ఎక్కినట్టు లెక్క.

2012లో బా దుబాయి పోయాడు. మన దిక్కు గల్ఫుకు పోని ఊరు లేదు, మా తండాలోనే పదిమంది దాకా ఉన్నారు. ఏజెంటుకు కట్టడానికి మిత్తికి తెచ్చిన పైసలు, అక్కడ సెంట్రింగ్ పని. ఈ కథ మీ ఇండ్లలో కూడా ఉంటది, ఎక్కువ రాయను. బండిని మేకల కొట్టంలో పెట్టి గోనెసంచి కప్పి పోయాడు. పాత ఇనుప సామాను కొనేటాయన ప్రతి ఏడూ వచ్చి కిలోల లెక్కన అడిగేవాడు. యాడి ఫోన్ చేసి అడిగితే బా ప్రతిసారీ ఒకటే మాట, “ఉండనీ.” సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టేవి.

2023లో బా తిరిగి వచ్చాడు. పనిలో ఇనుప ప్లేటు జారి పడి ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు పోయాయి. నడిమి వేలు ఉంది గానీ పూర్తిగా ముడుచుకోదు. వచ్చిన పైసలు ఆస్పత్రికి, మిత్తికి సరిపోయినయి. ఇంటికి వచ్చాక బా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నేను చిన్నగా ఉన్నప్పుడు పోయిండు కదా, నాతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలువది, నాకూ తెలువది. మంచం మీద కూర్చుని కాలువ దిక్కు చూసేవాడు. పొలం కాలువ అవతల మూడు కిలోమీటర్లు. ఎవరో ఒకరి బండి వెనుక కూర్చుని పోయేవాడు. ఎవరూ దొరకకపోతే నడిచేవాడు.

మా భియా బాన్సువాడలో మెకానిక్ షాపులో పని చేస్తాడు. ఈ ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున ఏమీ చెప్పకుండా గోనెసంచి తీసి బండిని బయటికి తోసుకొచ్చాడు. రెండు టైర్లూ పగిలి ఉన్నాయి. బా చూసి, “దానికెందుకురా పైసలు?” అన్నాడు. భియా, “నీకే” అన్నాడు. బా తన ఎడమచెయ్యిని తువ్వాల కింద పెట్టుకున్నాడు. ఇక ఏమీ అనలేదు.

గేర్లు లేని స్కూటరు కొనొచ్చు కదా, క్లచ్ బాధ ఉండదు కదా అని మీరు అడగవచ్చు. మా పెద్దమ్మ కొడుకు కూడా అదే అడిగాడు. కొత్తది కొనాలంటే మళ్లీ మిత్తికి తేవాలి. మిత్తి అనే మాట వింటే యాడి లేచి లోపలికి పోతది.

మొదట కిక్కు కదలలేదు. ఇన్నేండ్లు నిలబడి పిస్టన్ లోపల పట్టేసింది. భియా ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు కలిపి పోసి మూడు రోజులు వదిలేశాడు. నాలుగో రోజు పైన హెడ్డు విప్పి, కట్టె ముక్క పెట్టి మెల్లమెల్లగా కొడితే చిన్నగా కదిలింది. తుప్పు గీతలు పడి ఉండె. బ్లాకును లేత్ మిషన్ దగ్గరకు తీసుకుపోయి బోరు చేయించి, ఓవర్ సైజు పిస్టన్, రింగులు వేయాలన్నారు. అవి బాన్సువాడలో దొరకలేదు, నిజామాబాదులో దొరకలేదు. భియా హైదరాబాదు పోయి రాణీగంజ్‌లో పొద్దటి నుంచి తిరిగితే సాయంత్రానికి ఒక ముసలాయన అట్టపెట్టె దులిపి ఇచ్చాడట.

పెట్రోలు ట్యాంకు నా పని. లోపల అంతా తుప్పు. చింతపండు పులుసు పోసి, మంజీర ఒడ్డున ఏరిన గులకరాళ్లు వేసి ఊపాలి. రెండు రోజులు ఊపితే భుజాలు పోయినయి. యాడి, “మనుషులకు లేని చింతపండు బండికి పోస్తరా” అని తిట్టింది. కానీ మరునాడు పులుసు ఆమెనే పిసికి ఇచ్చింది. బయటికి వచ్చిన నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. భియాకు ఇప్పటి బండ్లు బాగా తెలుసు. అవి ఫోర్ స్ట్రోక్. పెట్రోలు వేరు, ఇంజను ఆయిలు వేరు. రాజ్‌దూత్ టూ స్ట్రోక్. దాని హెడ్డులో వాల్వులు ఉండవు, ఇంజను ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకసారి మండుతుంది, ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయాలి. ఆ ఆయిలే పిస్టన్‌కు జిడ్డు, ఆ ఆయిలే పొగ. భియా ఎంత కలపాలో తెలియక సీసా పట్టుకొని నిలబడ్డాడు. మంచం మీద నుంచి బా అన్నాడు, “లీటరుకు నలభై మిల్లీలు. కొత్త రింగులు గద, మొదట్ల యాభై పొయ్యి.”

అంతే. ఆ రోజు నుంచి బా మంచం వేపచెట్టు కిందికి వచ్చింది. పాయింట్ల మధ్య సందుకు గేజీ లేకపోతే పెండ్లి కార్డు చింపి మడిచి పెట్టమన్నాడు. ప్లగ్గు సందుకు ఆక్సా బ్లేడు చాలన్నాడు. సైలెన్సరు లోపలి గొట్టాన్ని మంటల్లో పెట్టి మసి కాల్చమన్నాడు, లేకపోతే పొగ బయటికి పోక బండి గుంజదట. “ఇంటికి రెండొందల గజాలు ఉండంగనే పెట్రోల్ కాక్ బంద్ చెయ్యాలె. కార్బరేటర్ల ఉన్నదాంతోనే ఇల్లు చేరాలె. లేకుంటే తెల్లారి స్టార్ట్ కాదు” అన్నాడు. భియా చేతులు నల్లగా చేసుకొని, “సరే ఉస్తాద్” అన్నాడు. బా నవ్వాడు. నేను ఆ నవ్వు ఫోటోలో తప్ప అంతకుముందు చూడలేదు.

ఇంజను పదిహేడో రోజు మోగింది. తండా అంతా నీలం పొగ, కుక్కలు ఒకటే మొరుగుడు. కానీ అసలు పని అప్పుడు మొదలైంది. బా సీటు మీద కూర్చుని క్లచ్ పట్టాడు. చూపుడు వేలు, సగం నడిమి వేలు. లివరు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకోసారి పట్టాడు, చెయ్యి వణికింది. దిగిపోయి లోపలికి పోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మరునాడు భియా షాపులో ఒకాయన క్లచ్ స్ప్రింగులు కొంచెం కోస్తే మెత్తగా అవుతుందన్నాడట. భియా ఒప్పుకోలేదు. స్ప్రింగు బలం తగ్గితే బరువు మీద ప్లేట్లు జారిపోతాయి, యూరియా బస్తా వేస్తే కాలువ గట్టు ఎక్కదు. క్లచ్చును కుడి దిక్కు పెడదామా అంటే, అక్కడ ముందు బ్రేకు, యాక్సిలేటరు రెండూ ఉన్నాయి.

మనకు తరగతిలో మీటల పాఠం ఉంది కదా, నేను నోటుబుక్కులో గీసి చూపించాను. లివరు కూడా మీటనే. బోల్టు ఆధారం, తీగె కట్టిన చోటు భారం, వేలు పెట్టిన చోటు బలం. తీగెను ఆధారానికి దగ్గర చేస్తే తక్కువ బలం చాలు. భియా కాగితం చూసి ఏమీ అనలేదు గానీ, తీగె గుండు కూర్చునే పాత బెజ్జానికి లోపలి దిక్కు, బోల్టుకు దగ్గరగా కొత్త బెజ్జం వేశాడు. కొసకు ఇనుప పట్టీ అతికించి లివరును రెండంగుళాలు పొడుగు చేయించాడు. దాంతో లివరు వెన్నలాగా వచ్చింది. కానీ గేరు వేస్తే కర్రుమని అరుపు, క్లచ్ పట్టినా బండి ముందుకు జరుగుతున్నది. ఎందుకంటే బలం ఎంత మిగిలిందో దూరం అంత పోయింది. తీగె సరిపోయేంత గుంజడం లేదు, ప్లేట్లు పూర్తిగా విడిపోవడం లేదు. పాఠంలో ఈ మాట ఒక్క వాక్యమే ఉంటది, గేరు పెట్టెలో అయితే చెవులు పగిలేటట్టు వినిపిస్తది.

రెండో లివరు తెచ్చి రెండు బెజ్జాలకు నడుమ మూడో బెజ్జం వేశారు. కొత్త తీగె వేసి, లోపల గ్రీజు పట్టించి, వంపులు తక్కువ ఉండేటట్టు దారి మార్చారు. వేలు జారకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. ఈసారి కొంచెం గట్టిగా ఉంది గానీ వస్తుంది. బా పొద్దున ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు ఇంజను బంద్ పెట్టి ఉత్తగనే క్లచ్ పట్టి వదిలేవాడు. నేను లెక్కపెట్టేవాణ్ణి. ఇరవై దాటితే ఆయన ముఖం మీద చెమట వచ్చేది.

సెలవులు అయిపోయే ముందు ఒక సాయంత్రం సేవాలాల్ గుడి దగ్గర నిమ్మకాయ తొక్కించి కాలువ గట్టు మీది బాటలో పొలం దాకా పోయి వచ్చాడు. వెనుక భియా కూర్చున్నాడు. నేను నడపలేదు సారూ, నాకు పద్నాలుగేండ్లే. యాడి దర్వాజ దగ్గర నిలబడి వాళ్లు వచ్చేదాకా లోపలికి పోలేదు. మొత్తం ఖర్చు తొమ్మిది వేల నాలుగు వందలు అయింది.

ఇంకా రోడ్డు మీదికి తీయలేదు. ఆర్‌సీ పదిహేనేండ్లకు ఒకసారి, ఆ తర్వాత ఐదేండ్లకు ఒకసారి కొత్తగా చేయించాలి. బా దుబాయిలో ఉండగా 2014లోనే గడువు అయిపోయింది. దానికి ఫైను, గ్రీన్ టాక్సు, ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్టు అన్నీ ఉన్నాయి. అవి పైసలతో అయ్యే పనులు. లైసెన్సు వేరు. నలభై దాటినవాళ్లు మళ్లీ చేయించుకోవాలంటే డాక్టరు చూసి సంతకం పెట్టాలి. డాక్టరు ఆ చెయ్యి చూసి ఏమంటాడో తెలువది.

పోయిన ఆదివారం ఇంటికి ఫోన్ చేశాను. బుధవారం డాక్టరు దగ్గరకు పోతున్నారట. చెయ్యి ఎట్ల పట్టుకుంటదో చూపించడానికి అని బా ఆ మొదటి లివరునూ, నేను గీసిన నోటుబుక్కు కాగితాన్నీ సంచిలో పెట్టుకున్నాడట. అవన్నీ ఎందుకని భియా చెప్పినా వినలేదట.