కువిలో ఒక పాట
మా మన్యంలో డిసెంబరంటే కాఫీ పండ్ల కోత. మా విచారణ క్వయర్‌లో సగం మంది తోటల్లోనే ఉంటారు. ఇంటికొచ్చి, వండి, పిల్లలకు పెట్టి గుడికి చేరేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు మొదలు మా సాధన.

ఆగమన కాలం నాలుగు ఆదివారాలూ మహిమ గీతం పాడం. క్రిస్మస్ రాత్రి పూజలో గొంతెత్తి పాడాలి. మా పెద్దమ్మలకు చదువు రాదు, పదం పదం విని పట్టుకుంటారు. అర్థం అడిగితే కువిలో చెబుతాం. "మరి అలాగే పాడొచ్చుగా?" అంటారు.

1963లో రెండవ వాటికన్ మహాసభ లతీనుతో పాటు జనం భాషలకూ పూజలో చోటిచ్చింది. మా దాకా వచ్చిన జనం భాష తెలుగు. ఇంట్లో నవ్వేదీ ఏడ్చేదీ కువిలో.

అందుకే ఈసారి కానుకల పాట కువిలో కట్టాం. ఆ వరస కీబోర్డుకు అందలేదు, డప్పు తెచ్చాం. మంచుకు తోలు వదులైతే గుడి వెనక నెగడు దగ్గర కాచాం. "గుళ్లో డప్పేమిటి?" అని గొణిగింది మావాళ్లే. బయటివాళ్లంటే ఇంత గుచ్చుకునేది కాదేమో. ఫాదర్‌గారు ఒకసారి విని, పాడమన్నారు.

ఆ పాటప్పుడు పెద్దమ్మలు మా నోటి వంక చూడలేదు. మేమే వాళ్ల వెంట పాడాం.