74 డిగ్రీల దగ్గర

మాది దామరచర్ల. మిర్యాలగూడలో పళ్ల సెట్లు చేసే ల్యాబ్‌లో పని. మేం వాడే అక్రిలిక్ పళ్లు ఫ్యాక్టరీ నుంచే తయారై వస్తాయి. వాటిని ముందు మైనంలో కూర్చి, ఆపైన చిగుళ్ల రంగు అక్రిలిక్‌లో నిలబెట్టడానికి వేడి కావాలి. ఆ పళ్లను పాడుచేసేదీ వేడే.

పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దమ్మ ఊడిన ముందుపన్ను కొంగున కట్టుకొని వచ్చింది. "జొన్నరొట్టె కొరికితే ఊడొచ్చింది బిడ్డా." పన్ను తిప్పి చూస్తే అడుగు నున్నగా మెరుస్తోంది, గులాబీ అక్రిలిక్ రవ్వంత కూడా అంటలేదు. తప్పు నాదే. మరిగే నీళ్లతో అచ్చులోని మైనం తీసేటప్పుడు తొందరపడ్డాను. పంటి అడుగున మైనం పొర మిగిలిపోయింది. అది ఉంటే రెండు అక్రిలిక్‌లు ఒకటి కావు. ఇప్పుడు సబ్బు కలిపిన వేడినీళ్లు, ఆపైన శుభ్రమైన మరుగునీళ్లు పోసి కడిగితే గానీ అచ్చులో అక్రిలిక్ ముద్ద పెట్టను.

ఉడకబెట్టడం ఇంకా సున్నితం. అక్రిలిక్ పౌడరులో కలిపే లిక్విడ్ 100 డిగ్రీలు దాటగానే మరుగుతుంది. ముద్ద గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తుంది. అచ్చు ఉండే ఫ్లాస్కును నేరుగా మరిగే నీళ్లలో వేస్తే, మందంగా ఉన్నచోట లోపల లిక్విడ్ మరిగి బుడగలు మిగులుతాయి. అందుకే 74 డిగ్రీల దగ్గర ఎనిమిది తొమ్మిది గంటలు ఉంచుతాం. తొందరైతే అక్కడ రెండు గంటలు ఉంచి, ఆ తర్వాత గంటసేపు మరిగిస్తాం. దించగానే చన్నీళ్లలో ముంచకూడదు. గభాలున చల్లారితే సెట్టు వంకరపోతుంది.

మైనం నునుపు చేసే మంట పంటికి తగిలితే మెరుపు పోయి పైపొర చెడుతుంది, సన్నని పగుళ్లు కూడా రావచ్చు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టినవాళ్లు ఏళ్లతరబడి నోరు మూసుకొని నవ్వినవాళ్లు. వాళ్లకిచ్చే పంటి మీద మచ్చ పడనివ్వకూడదు. పాలిషింగ్‌లో ప్యూమిస్ తడారనివ్వను. పొడిగా రుద్దితే ఆ రాపిడి వేడికే అక్రిలిక్ మెత్తబడుతుంది.

మే నెలలో మరో బాధ. మైనంలో కూర్చిన పళ్లు క్లినిక్ నుంచి ల్యాబ్‌కు వచ్చేలోపే ఎండకు జరుగుతాయి. చన్నీళ్ల డబ్బాలో పెట్టి పంపమంటాను.

సెట్టు చేతికిచ్చేటప్పుడు ఒకటే చెబుతాను: "పెద్దమ్మా, శుభ్రమవుతుందని పొయ్యిమీది నీళ్లు పోయొద్దు. చన్నీళ్లతో కడుగు. రాత్రి గిన్నెడు చన్నీళ్లలో వేసి పెట్టు."