విండ్సర్ నుండి ఒక్క రోజులో: గుడి, జలపాతం, పక్షులు

వేసవి వచ్చిందంటే మన విండ్సర్ ఇళ్ళకు దేశం నుండి పెద్దవాళ్ళు వస్తారు. వచ్చిన వారానికే మూడు కోరికలు బయటపడతాయి. గుడికి వెళ్ళాలి, నయాగరా చూడాలి, మనవలతో కలిసి జంతువులనో పక్షులనో చూడాలి. ఈ మూడూ ఒక్క రోజులో కుదురుతాయా అని అడిగేవారి కోసం ఈ నాలుగు మాటలు.

ముందు గుడి సంగతి. మన ఊరి తీరు వింతైనది. నది దాటితే అమెరికా, అదీ మనకు ఉత్తరాన! అవతల ట్రాయ్‌లో భారతీయ టెంపుల్, నోవైలో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. కాని కెనడా వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు అమెరికా వీసా లేకపోతే స్వామి అంత దగ్గర ఉండి కూడా అందడు. అందుచేత తూర్పు దారి పట్టడమే మేలు.

401 మీద లండన్ దాటి, వుడ్‌స్టాక్ దగ్గర 403లోకి తిరిగితే హామిల్టన్. సుమారు 300 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. పొద్దున్నే బయలుదేరాలన్నది నిజమే గాని పొగమంచు ఉంటే ఆగండి. 1999 సెప్టెంబరు 3 ఉదయం మన ఊరి దగ్గరే, ఈ రోడ్డు మీదనే, పొగమంచులో 87 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకొని 8 మంది చనిపోయారు. అరగంట ఆలస్యమైతే పులిహోర చల్లారుతుంది, అంతే.

హామిల్టన్ హిందూ సమాజ్ మందిరం ఊరికి దక్షిణాన ఉంది. 2001 సెప్టెంబరు 15 రాత్రి, న్యూయార్కు దాడుల తరువాత నాలుగు రోజులకు, దుండగులు దీనికి నిప్పుపెట్టారు. ముగ్గురిని అరెస్టు చేసేసరికి 2013 వచ్చింది. గుడిని మాత్రం మనవాళ్ళు ఊరుకోకుండా మళ్ళీ కట్టుకున్నారు. పిల్లలకు ఈ కథ అక్కడే చెప్పండి. దర్శనం వేళలు ముందే ఫోనుచేసి కనుక్కోవడం మంచిది.

అక్కడి నుండి నయాగరా మరో గంట. హార్స్‌షూ జలపాతం ఎత్తు సుమారు 57 మీటర్లు. గట్టున నిలబడి చూడడానికి టిక్కెట్టు లేదు, పార్కింగుకే డబ్బు. చాలామందికి తెలియని విశేషం ఒకటుంది. ఈ గంగమ్మ కూడా ఒప్పందం ప్రకారమే దూకుతుంది! 1950లో రెండు దేశాలూ చేసుకున్న ఒడంబడిక మేరకు, ఏప్రిల్ నుండి సెప్టెంబరు మధ్య వరకు ఉదయం 8 నుండి రాత్రి 10 దాకా సెకనుకు కనీసం 1,00,000 ఘనపుటడుగుల నీరు జలపాతానికి వదలాలి. రాత్రి వేళల్లోనూ, చలికాలంలోనూ 50,000 చాలు. మిగిలినది విద్యుత్తు కోసం సొరంగాల్లోకి పోతుంది. కనుక పగటిపూట చూడటమే న్యాయం.

ఇక జంతువులు. ఒకప్పుడు నయాగరా వెళ్ళినవాళ్ళంతా మెరైన్‌లాండ్‌లో తిమింగలాల ఆట కూడా చూసి వచ్చేవారు. అక్కడి కిస్కా అనే ఓర్కాను 1979లో ఐస్‌లాండ్ సముద్రంలో పిల్లగా పట్టారు. 2011 నుండి ఆ కొలనులో తన జాతి తోడు లేకుండా గడిపి 2023 మార్చిలో చనిపోయింది. వినోదం కోసం తిమింగలాలనూ డాల్ఫిన్లనూ కొత్తగా బంధించి పెంచడాన్ని 2019లో కెనడా చట్టం నిషేధించింది.

కొలను లేకపోయినా చూడటానికి కొదవ లేదు. జలపాతం తుంపరల్లో గల్ పక్షులు గాలికి తేలుతూ ఉంటాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ నది మీదికి వేలకు వేలు వస్తాయి. ఒక జత బైనాక్యులర్లు తీసుకెళ్ళండి.

ఇక్కడే ఒక చిక్కు. మన ఇళ్ళలో కాకికి అన్నం పెట్టనిదే పెద్దవాళ్ళు ముద్ద ముట్టరు, చీమకు చక్కెర వేస్తారు. భూతదయ అంటే మనకు పిడికెడు మెతుకులు. అందుకే గల్ కనిపించినా, కెనడా గూస్ కనిపించినా చేయి రొట్టె మీదికి పోతుంది. కాని రొట్టెలో వాటికి కావలసిన పోషణ లేదు. మనిషి చేతి తిండికి అలవాటుపడినవి భయం మరచి కార్ల రోడ్ల మీదికి వస్తాయి, పిల్లల చేతిలోది లాక్కుంటాయి. ఈ మాట అమ్మమ్మగారికి తప్పుపట్టినట్టు కాకుండా, నలుగురిలో కాకుండా, ఇంటి దగ్గరే నెమ్మదిగా చెప్పాలి. ఆమె దయలో లోపం లేదు. ఇక్కడ ఆ దయకు రూపం వేరు: దూరంగా నిలబడటం.

రాకపోకలకు దాదాపు 800 కిలోమీటర్లు. కారు నడిపేవారు ఇద్దరుంటేనే ఒక్క రోజులో తిరిగి రండి. లేకపోతే ఒక రాత్రి అక్కడే ఉండండి. మోకాళ్ళ నొప్పులున్నవారిని అంతసేపు కూర్చోబెట్టలేమనుకుంటే, నయాగరా మాట తరువాత చూసుకొని, గంటలోపే చేరే పాయింట్ పీలీకి వెళ్ళండి. 1918లో నేషనల్ పార్కు అయిన ఆ చోట కూడా 1989 దాకా బాతుల వేట సాగింది. ఇప్పుడు మే నెలలో వలస పక్షులు, సెప్టెంబరులో మెక్సికో పోయే మొనార్క్ సీతాకోకచిలుకలు అక్కడ దిగి సేదతీరుతాయి. బురదనేల మీద చెక్కలతో వేసిన బాట ఉంది. పెద్దవాళ్ళు పిల్లల చేయి పట్టుకొని మెల్లగా నడవవచ్చు. అన్నం మూటలు మాత్రం భోజనాల బల్ల దగ్గరే విప్పండి, మెతుకులు మిగలకుండా తుడిచి రండి.