ఇద్దరి ప్లేట్లూ ఒకేసారి

లండన్‌లో పెద్దోడి దగ్గరున్నప్పుడు ఒక రోజంతా మేమిద్దరమే తిరిగాం. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకి టికెట్ లేదనగానే మావారు ఖుష్! 1799లో శ్రీరంగపట్నం కొల్లగొట్టి తెచ్చిన టిపూ సుల్తాన్ చెక్కపులి దగ్గర్నుంచి ఎంతకీ కదల్లేదు. తెల్లోడి మీద పడ్డ ఆ పులి కడుపులో బాజా ఉంది. "మన సుల్తాన్ షాన్ చూశావా!" అన్నారు.

నా దిల్ మాత్రం అర్దబీల్ ఖాలీన్ దగ్గర ఆగింది. రంగు వెలవకుండా అరగంటకోసారి పది నిమిషాలే దానిమీద వెలుగు వేస్తారు. ఒక చివర మక్సూద్ కాషానీ పేరు, 946 హిజ్రీ. ముడులు వేసిన మిగతా చేతుల పేర్లు లేవు.

సాయంత్రం ఎడ్జ్‌వేర్ రోడ్‌లో అరబ్బుల హోటల్. హలాల్ కాబట్టి బేఫికర్. కబాబులు, పొగలు కక్కే రోటీ, ఇద్దరి ముందూ ఒకేసారి పెట్టారు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద మగాళ్లు, పిల్లలు, మెహమాన్లు లేచాకే నా ముద్ద. అలవాటుగా చూస్తూ కూర్చున్నాను. ఆయనే రోటీ తుంచి నా ప్లేట్లో వేశారు. "చల్లారిపోతుంది, బిస్మిల్లా అను."

వేళ్లు చురుక్కుమన్నాయి. ఎంత మజాగా ఉందో!

పుదీనా చాయ్ తాగుతూ అడిగాను: "ఏమండీ, గుంటూరు వెళ్లాక చిన్న బహూ కూడా మనతోపాటే కూర్చుని తింటుంది. సరేనా?"

గొంతు సవరించుకున్నారు గానీ, నై అనలేదు.